చేతికి అందేదాకా పూర్తికాని సేవ: విడుదలయ్యే ఖైదీలకు గుర్తింపు పత్రాలు

జైలు నుంచి విడుదల కాబోయేవారికి గుర్తింపు పత్రాలు సమకూర్చి పంపే సేవ ఒకటి ఉంటుందని, మా అన్నయ్య శిక్ష ముగింపుకు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అన్నయ్య తొమ్మిదేళ్లు లోపల ఉన్నాడు. విడుదలకు మూడు నెలల ముందు జైలు పునరావాస విభాగం వారు పిలిచి ఒక దరఖాస్తు నింపించారు. ఆ రోజు నుంచి, కావలసిన కాగితాలన్నీ అన్నయ్య చేతికి వచ్చిన రోజు దాకా ఈ సేవ ఎలా నడిచిందో నేను దగ్గరుండి చూశాను. ఫోన్లు చేసినదీ, కార్యాలయాల్లో వరుసల్లో నిలబడినదీ ఎక్కువగా నేనే. ఆ అనుభవాన్నీ, ఇలాంటి సేవ ఎలా ఉండాలని అంతర్జాతీయ నియమాలూ కొన్ని దేశాల చట్టాలూ చెబుతున్నాయో ఆ తరువాత చదివి తెలుసుకున్నదాన్నీ కలిపి ఈ సమీక్ష రాస్తున్నాను. ఇంట్లో ఒకరు లోపల ఉండి విడుదల తేదీ కోసం ఎదురుచూస్తున్నవారికి ఇది పనికిరావాలని నా కోరిక. అన్నయ్య క్షేమం కోసం జైలు పేరు గానీ, కార్యాలయాల పేర్లు గానీ రాయడం లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇది తప్పనిసరిగా ఉండవలసిన సేవ. మాకు ఎదురైన ఉద్యోగుల్లో ఎక్కువమంది మనసు పెట్టి పనిచేశారు. అయినా ఈ సేవ ఆలస్యంగా మొదలై, ముందుగానే ఆగిపోతోంది. ఖైదీ లోపలికి వచ్చిన రోజున మొదలు కావలసిన పని చివరి మూడు నెలల్లో మొదలవుతోంది. కార్డు చేతిలో పెట్టిన రోజున ముగియవలసిన పని దరఖాస్తు పంపిన రోజునే ముగిసినట్టు లెక్కలోకి వెళ్లిపోతోంది. మాకు కలిగిన కష్టాలన్నిటికీ మూలం ఈ రెండింటిలోనే ఉంది.

సేవ అని ఒక్క మాటలో అంటున్నాము గానీ, అందులో మూడు పనులు ఉన్నాయి. జనన ధ్రువీకరణ పత్రం నకలు తెప్పించడం ఒకటి. పన్నుల కోసమో, పింఛను కోసమో, సంక్షేమ పథకాల కోసమో ప్రభుత్వం కేటాయించిన సంఖ్య ఉన్న కార్డును మళ్లీ సంపాదించడం రెండవది. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు ఇప్పించడం మూడవది. వినడానికి మూడు వేర్వేరు దరఖాస్తులే అయినా ఇవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఫోటో కార్డు కావాలంటే జనన పత్రం తెమ్మంటారు. జనన పత్రం నకలు కావాలంటే, అడుగుతున్నది ఫలానా మనిషేనని రుజువు చేసే ఫోటో కార్డు తెమ్మంటారు. బయట ఉన్నవారికి ఈ ముడి సాధారణంగా ఎదురుకాదు, ఎందుకంటే రెండింటిలో ఒకటైనా బీరువాలో ఉంటుంది. అన్నీ ఒకేసారి పోయినవారికి మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "ఈ వ్యక్తి ఫలానా అని మా రికార్డుల ప్రకారం ధ్రువీకరిస్తున్నాము" అని జైలు అధికారి సంతకం చేసి ముద్ర వేసిన ఒక్క లేఖతో ఆ ముడి విడిపోయింది. ఆ లేఖ అన్నయ్య లోపల ఉండగా ఒక్క రోజులో తయారైంది. విడుదలైన తరువాత అలాంటిదే ఇంకొకటి కావలసివచ్చినప్పుడు మూడు వారాలు పట్టింది. ఈ సేవ లోపల ఉండగానే ఎందుకు పూర్తి కావాలో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

ఆలోచించి చూస్తే, ఒక మనిషి ఎవరో జైలుకు తెలిసినంత కచ్చితంగా బయట ఏ కార్యాలయానికీ తెలియదు. వేలిముద్రలు, ఫోటోలు, ఎత్తు, పుట్టుమచ్చలు, తల్లిదండ్రుల పేర్లు, న్యాయస్థానం ఉత్తర్వులు అన్నీ అక్కడ ఉంటాయి. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2015 డిసెంబరు 17న ఆమోదించిన, ఖైదీలతో ఎలా వ్యవహరించాలో చెప్పే నెల్సన్ మండేలా నియమాలలో 7వ నియమం, ఖైదీని చేర్చుకునేటప్పుడే అతని ప్రత్యేక గుర్తింపును నిర్ధారించగలిగే కచ్చితమైన వివరాలు నమోదు చేయాలని చెబుతుంది. అదే నియమావళిలోని 107వ నియమం, శిక్ష మొదలైనప్పటి నుంచే విడుదల తరువాతి జీవితం గురించి ఆలోచించాలంటుంది. 108వ నియమం మరింత సూటిగా ఉంది. విడుదలైనవారు సమాజంలో మళ్లీ నిలదొక్కుకోవడానికి సహాయపడే సంస్థలు, ప్రభుత్వానివైనా కాకపోయినా, సాధ్యమైనంత వరకు వారికి తగిన పత్రాలూ గుర్తింపు కాగితాలూ అందేలా చూడాలని అది కోరుతుంది. ఉండడానికి ఇల్లు, చేయడానికి పని, ఋతువుకు తగిన బట్టలు, గమ్యం చేరడానికి కావలసిన డబ్బు అన్నవి కూడా ఆ నియమంలోనే ఉన్నాయి, కానీ వాటన్నిటికంటే ముందు పత్రాలనే పేర్కొన్నారు. ఇది 2015లో కొత్తగా పుట్టిన ఆలోచన కూడా కాదు. 1955లో జెనీవాలో ఆమోదించిన కనీస ప్రమాణాలలోనే ఈ మాట ఉంది. ఈ నియమాలు దేశాలను చట్టంలా కట్టిపడేయవు గానీ, ఒక జైలు తన పని ఎలా చేస్తున్నదో కొలవడానికి అందరూ ఒప్పుకున్న కొలబద్ద ఇదే.

ఈ కొలబద్దతో చూస్తే మా అనుభవంలో మొదటి లోపం విడుదల దగ్గర కాదు, అరెస్టు దగ్గర కనిపిస్తుంది. అన్నయ్యను పట్టుకెళ్లిన రోజున జేబులో పర్సు ఉంది, పర్సులో చెల్లుబాటులో ఉన్న ఫోటో కార్డు ఉంది. అది పోలీసుల దగ్గర ఎక్కడో నమోదైంది. విచారణ ఖైదీగా ఒక జైలులోనూ, శిక్ష పడిన తరువాత ఇంకొక జైలులోనూ ఉన్నాడు. రెండవ జైలుకు చేరిన సామాన్ల జాబితాలో ఒక చేతి గడియారం, ఒక బెల్టు మాత్రమే ఉన్నాయి. పర్సు ఎక్కడ ఆగిపోయిందో ఇప్పటికీ మాకు తెలియదు. మండేలా నియమాలలో 67వది, ఖైదీ వెంట తెచ్చుకున్న డబ్బు, విలువైన వస్తువులు, బట్టలు తదితరాలను భద్రపరచి, జాబితా రాసి, దాని మీద ఖైదీ సంతకం తీసుకుని, విడుదల రోజున తిరిగి ఇచ్చి రశీదు తీసుకోవాలని చెబుతుంది. మా దగ్గర జాబితా రాశారు, సంతకం కూడా తీసుకున్నారు. ఒక జాబితా నుంచి ఇంకొక జాబితాకు వస్తువు మారేటప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి సరిచూసినవారు మాత్రం లేరు. ఆ రోజున కార్డు భద్రంగా ఉండి ఉంటే, గడువు తీరిన కార్డే అయినా, తొమ్మిదేళ్ల తరువాత మా పని సగం తగ్గేది. పాత కార్డు సంఖ్య తెలిస్తే కొత్తది ఇచ్చే కార్యాలయం తన రికార్డులో ఆ మనిషిని వెంటనే పట్టుకోగలదు.

ఇక మాకు ఎక్కువ కాలం పట్టిన చిక్కు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలా ఇళ్లలో జరుగుతుందని ఆ విభాగంలోని ఉద్యోగిని స్వయంగా చెప్పారు. అన్నయ్య పేరును అరెస్టు కాగితంలో ఎవరో ఒక అక్షరం మార్చి రాశారు, ఇంటిపేరును చివరికి తోశారు. ఆ కాగితంలోని పేరే అభియోగపత్రంలోకి వెళ్లింది. అభియోగపత్రం నుంచి తీర్పులోకి, తీర్పు నుంచి జైలు రిజిస్టరులోకి, అక్కడి నుంచి విడుదల పత్రంలోకి వచ్చింది. తొమ్మిదేళ్ల పాటు అన్నయ్య ఆ పేరుతోనే పిలిపించుకున్నాడు, ఆ పేరు మీదే మందులూ ఉత్తరాలూ తీసుకున్నాడు. జనన పత్రంలో ఉన్న పేరు వేరు. రెండు పేర్లూ ఒక్కరివేనని ఇంటిల్లిపాదికీ తెలుసు, కార్డు ఇచ్చే కార్యాలయంలోని కంప్యూటరుకు మాత్రం ఇద్దరు మనుషులు కనిపించారు. మొదటి దరఖాస్తు అందుకే తిరిగి వచ్చింది. వచ్చేసరికి మూడు నెలల్లో ఐదు వారాలు గడిచిపోయాయి.

ఇక్కడే ఆ ఉద్యోగినిని మెచ్చుకోవాలి. తిరిగి వచ్చిన దరఖాస్తును ఫైలులో పెట్టి ఊరుకోకుండా, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని తెలిపే ప్రమాణపత్రం రాయించి, న్యాయ సహాయం చేసే న్యాయవాది చేత ధ్రువీకరింపజేసి, జైలు అధికారి లేఖను దానికి జతచేసి, మళ్లీ పంపారు. సంతకం విషయంలో కూడా ఆమె ముందుచూపు చూపించారు. తొమ్మిదేళ్లలో అన్నయ్య సంతకం మారిపోయింది. చేతికి అలవాటు తప్పింది. పాత రికార్డులోని సంతకంతో పోలిస్తే తేడా వస్తుందని గ్రహించి, కొత్త సంతకాన్ని అధికారి ఎదుట చేయించి, వేలిముద్రను కూడా పక్కన వేయించారు. ఫోటో తీసే రోజున జైలు చొక్కా మీద తీయడానికి ఒప్పుకోక, మా ఇంటి నుంచి ఒక మామూలు చొక్కా తెప్పించి తొడిగించారు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. ఆ కార్డును అన్నయ్య రాబోయే సంవత్సరాల్లో ఎన్నోసార్లు అపరిచితుల చేతికి ఇవ్వవలసి ఉంటుంది కాబట్టి, అందులో జైలు దుస్తులు కనిపించకపోవడం మాకు చాలా పెద్ద విషయం. ఒక్కరే ఇన్ని ఫైళ్లు చూస్తున్నారు, ఆమె సెలవు పెట్టిన వారం పని ముందుకు సాగలేదు. ఒకరి మంచితనం మీద నడిచే సేవ, ఆ ఒక్కరు లేని రోజున ఆగిపోతుంది.

విడుదల రోజున అన్నయ్య చేతికి ఒక కవరు ఇచ్చారు. అందులో విడుదల పత్రం, జనన పత్రం నకలు, ఫోటో కార్డుకు దరఖాస్తు చేసినట్టు రశీదు ఉన్నాయి. కార్డు లేదు. విభాగం రిజిస్టరులో మాత్రం మా అన్నయ్య పేరు ఎదురుగా పని పూర్తయినట్టు గుర్తు పెట్టారు. దరఖాస్తు పంపారు కాబట్టి వారి లెక్కలో అది పూర్తయినట్టే. ఎంతమందికి దరఖాస్తులు పంపామో లెక్కపెట్టే చోట అందరి కళ్లూ పంపడం మీదే ఉంటాయి. గేటు దాటేటప్పుడు ఎంతమంది చేతిలో కార్డు ఉన్నదో లెక్కపెడితే, ఆ చివరి రెండు వారాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి కార్డు ఎక్కడున్నదో కనుక్కునేవారు.

కార్డు చేతికి రావడానికి ఆ తరువాత ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలు ఎలా గడిచాయో చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు. బ్యాంకు ఖాతా తెరవడానికి వెళ్తే, విడుదల పత్రాన్ని గుర్తింపుగా తీసుకోలేమని మర్యాదగానే చెప్పారు. వారిని తప్పుపట్టలేను. అక్రమ సొమ్మును సక్రమమైనదిగా మార్చడాన్ని అరికట్టడానికి 1989లో ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ ఆర్థిక చర్యల కార్యదళం (ఎఫ్‌ఏటీఎఫ్) సిఫారసుల ప్రకారం, ప్రపంచంలో ఎక్కువ దేశాల బ్యాంకులు నమ్మదగిన పత్రాలతో ఖాతాదారు ఎవరో నిర్ధారించుకోవాలి. ఏ పత్రం నమ్మదగినదో ప్రతి దేశం తన నిబంధనల్లో రాసుకుంటుంది. ఆ జాబితాలో జైలు ఇచ్చిన కాగితాన్ని కూడా, కనీసం కొద్ది కాలానికైనా, చేర్చి ఉంటే అన్నయ్యకు ఆ రోజే ఖాతా వచ్చేది. ఖాతా లేకపోతే జీతం వేయడానికి చోటు లేదు. ఫోన్ సిమ్ నా పేరు మీద తీసి ఇచ్చాను. అద్దె ఇంటి యజమాని కార్డు నకలు అడిగారు. లోపల వాడుతున్న మందులు నెలకు సరిపడా ఇచ్చి పంపారు గానీ, ఆ తరువాత ఆసుపత్రిలో పేరు నమోదు చేయడానికి మళ్లీ కార్డే కావాలన్నారు.

అన్నిటికంటే బాధించింది ఉద్యోగం విషయం. లోపల నేర్చుకున్న వడ్రంగం పని చూసి ఒకరు పనిలోకి తీసుకుంటామన్నారు, జైలు సంగతి తెలిసే తీసుకుంటామన్నారు. కాగితాలు తెచ్చిన రోజున చేరమన్నారు. ఇది ఆ యజమాని పట్టుదల కాదని తరువాత చదివినప్పుడు అర్థమైంది. అమెరికాలో 1986లో వచ్చిన వలస చట్టం ప్రకారం, పనిలో చేరినవారు తమ గుర్తింపునూ పనిచేసే అర్హతనూ చూపే పత్రాలను చేరిన రోజు నుంచి 3 పనిదినాల లోపల యజమానికి చూపాలి. బ్రిటన్‌లో యజమాని పనిలో చేర్చుకోకముందే పత్రాలు పరిశీలించాలి. అక్కడ పాస్‌పోర్టు లేనివారు కూడా ఆ దేశపు జనన పత్రాన్నీ, జాతీయ బీమా సంఖ్య (పింఛను వంటి వాటి కోసం ప్రభుత్వం కేటాయించేది) ఉన్న అధికారిక కాగితాన్నీ కలిపి చూపితే సరిపోతుంది. ఈ రెండవ పద్ధతి నాకు నచ్చింది. ఫోటో కార్డు రావడం ఆలస్యమైనా, జైలు సులువుగా తెప్పించగలిగిన రెండు కాగితాలతో మనిషి పనిలో చేరగలుగుతాడు. అన్నయ్య కోసం ఆ యజమాని నాలుగు వారాలు ఆగి, వేరొకరిని పెట్టుకున్నారు.

ఇంతకీ కార్డు ఏడు వారాలు ఎందుకు పట్టిందంటే, తయారైన కార్డును దరఖాస్తులో ఉన్న చిరునామాకు పంపారు. దరఖాస్తులో ఉన్నది జైలు చిరునామా. అన్నయ్య వెళ్లిపోయిన తొమ్మిదవ రోజున కార్డు అక్కడికి చేరింది, చేరి ఉత్తరాల గదిలో ఉండిపోయింది. విడుదలైనవారి ఉత్తరాలను ముందుకు పంపే ఏర్పాటు వారికి లేదు. నేను ఐదవసారి ఫోన్ చేసినప్పుడు ఒక గుమాస్తా వెతికి చూసి, ఇక్కడే ఉందని చెప్పారు. అన్నయ్యకు మళ్లీ ఆ గేటు దగ్గరికి వెళ్లడానికి మనసొప్పలేదు. నేను అధికార పత్రం పట్టుకుని వెళ్లి తెచ్చాను.

ఇతర చోట్ల ఈ సేవ ఎలా ఉందో చూస్తే, చట్టంలో స్పష్టంగా రాసుకున్న చోట కూడా ఇవే చిక్కులు కనిపిస్తాయి. అమెరికాలో 2018 డిసెంబరు 21న సంతకమైన ఫస్ట్ స్టెప్ చట్టం, ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) జైళ్ల నుంచి విడుదలయ్యేవారు సోషల్ సెక్యూరిటీ కార్డు (పింఛను వంటి వాటి కోసం ప్రభుత్వం కేటాయించిన సంఖ్య ఉన్న కార్డు), డ్రైవింగ్ లైసెన్సు లేదా మరొక అధికారిక ఫోటో గుర్తింపు కార్డు, జనన పత్రం విడుదలకు ముందే పొందడానికి జైళ్ల శాఖ సహాయపడాలని చెబుతుంది. ఏయే పత్రాలో పేరు పేరునా రాయడం ఈ చట్టంలోని గొప్పతనం. సహాయపడాలి అన్న మాట దాని బలహీనత; ఇచ్చి పంపాలి అని ఉంటే బాధ్యత వేరుగా ఉండేది. దానికి రెండేళ్ల ముందు, 2016 ఏప్రిల్‌లో, అప్పటి అటార్నీ జనరల్ (న్యాయశాఖ అధిపతి) లొరెట్టా లించ్ రాష్ట్రాల గవర్నర్లకు లేఖ రాసి, జైళ్ల శాఖ ఇచ్చిన ఖైదీ కార్డునూ విడుదల పత్రాన్నీ తీసుకుని వాటికి బదులుగా రాష్ట్ర గుర్తింపు కార్డు ఇవ్వమని కోరారు. నేను చదివినవాటిలో నాకు బాగా నచ్చిన ఆలోచన ఇదే. ఒక కాగితం ఇచ్చి ఇంకొకటి తీసుకోవడంలో కొత్తగా నిరూపించవలసింది ఏమీ ఉండదు. అయితే కార్డులు ఇచ్చే అధికారం రాష్ట్రాలది కాబట్టి అది ఆదేశంగా కాక విన్నపంగా మిగిలింది.

కాలిఫోర్నియాలో 2014లో చేసిన చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. రాష్ట్ర జైళ్ల శాఖా, అక్కడ గుర్తింపు కార్డులు ఇచ్చే వాహనాల శాఖా కలిసి, అర్హులైన ఖైదీలందరికీ విడుదల నాటికి చెల్లుబాటయ్యే గుర్తింపు కార్డు ఉండేలా చూడాలని అది నిర్దేశించింది. రెండు శాఖల పేర్లూ చట్టంలోనే ఉండడం వల్ల ఒకరి మీద ఒకరు నెట్టుకోవడానికి వీలు తగ్గుతుంది. కానీ అర్హులు ఎవరన్న దగ్గర మొదట పెట్టిన షరతు చూడండి: వాహనాల శాఖ దగ్గర ఆ వ్యక్తి ఫోటో ఉండాలి, అది 10 ఏళ్ల లోపల తీసినది కావాలి. చిన్న శిక్ష పడినవారికి ఇది సులువు. పన్నెండేళ్లు, ఇరవై ఏళ్లు లోపల ఉన్నవారు, అంటే బయటి ప్రపంచంతో సంబంధాలు తెగిపోయి ఈ సేవ అందరికంటే ఎక్కువగా అవసరమైనవారు, ఆ షరతు దగ్గరే ఆగిపోయేవారు. జైలులోనే ఫోటో తీసే ఏర్పాటు ఉంటే ఇలాంటి షరతు అవసరమే రాదు. మా అన్నయ్య తొమ్మిదేళ్లకు వచ్చాడు, అక్కడ ఉండి ఉంటే కొద్దిలో బయటపడేవాడు.

సోషల్ సెక్యూరిటీ కార్డు విషయంలో అమెరికా ఏర్పాటు మాత్రం మెచ్చుకోదగినది. ఆ కార్డుకు రుసుము లేదు, జైళ్లతో ముందే కుదుర్చుకున్న ఒప్పందాల ద్వారా లోపల ఉన్నవారి దరఖాస్తులు తీసుకుంటారు. కొత్త నకలు ఏడాదికి 3, జీవితకాలంలో 10 మాత్రమే ఇస్తారు కాబట్టి దానిని భద్రపరచుకోవడం కూడా నేర్పాలి. ఇంగ్లండు, వేల్స్‌ల జైళ్ల కోసం బ్రిటన్ ప్రభుత్వం 2021 డిసెంబరులో విడుదల చేసిన జైళ్ల శ్వేతపత్రంలో, విడుదలయ్యేవారి గుర్తింపు పత్రాలు, బ్యాంకు ఖాతా వంటివన్నీ ఒకేచోట చేర్చి సిద్ధం చేసే ప్రణాళికను ప్రకటించారు. గుర్తింపునూ బ్యాంకు ఖాతానూ ఒకే పనిగా చూడడం సరైన దృష్టి. మాకు కార్డు వచ్చిన తరువాత ఖాతాకు మళ్లీ రెండు వారాలు పట్టింది.

ఈ సేవ అసలు చేరనివారి గురించి కూడా చెప్పాలి. ప్రపంచవ్యాప్తంగా ఖైదీలలో దాదాపు మూడింట ఒక వంతు మంది శిక్ష పడనివారు, విచారణ కోసం ఎదురుచూస్తున్నవారు. వారికి విడుదల తేదీ అనేది ముందుగా ఉండదు. ఉదయం న్యాయస్థానానికి వెళ్లి, బెయిలు వచ్చి, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతారు. చివరి మూడు నెలల్లో మొదలయ్యే సేవ వారి దరిదాపుల్లోకి కూడా రాదు. కొన్ని వారాల శిక్ష పడినవారి సంగతీ అంతే. ఆడవారి విషయంలో పెళ్లికి ముందు పేరు, తరువాతి పేరు అనే చిక్కు అదనంగా ఉంటుంది. పిల్లలు వేరొకరి సంరక్షణలో ఉంటే, వారిని తిరిగి తెచ్చుకోవడానికి తల్లి తన గుర్తింపుతో పాటు పిల్లల జనన పత్రాలు కూడా చూపవలసి వస్తుంది. మహిళా ఖైదీల కోసం 2010లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బ్యాంకాక్ నియమాలు, లోపలికి వచ్చేటప్పుడే పిల్లల వివరాలు నమోదు చేయాలని చెబుతాయి. ఆ నమోదు జరిగిన రోజునే పిల్లల పత్రాలు ఎక్కడున్నాయో అడిగి రాసుకోవడం పెద్ద పని కాదు.

పుట్టుకే నమోదు కానివారు ఇంకొక వర్గం. ప్రపంచ బ్యాంకు 2021 నాటి సమాచారంతో వేసిన అంచనా ప్రకారం సుమారు 85 కోట్ల మందికి ఏ అధికారిక గుర్తింపూ లేదు. 2030 నాటికి అందరికీ చట్టబద్ధమైన గుర్తింపు కల్పించాలని 2015లో దేశాలన్నీ ఒప్పుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో ఉంది. అలాంటి మనిషి జైలుకు వచ్చినప్పుడు, బహుశా జీవితంలో మొదటిసారి ప్రభుత్వం ఎదురుగా కూర్చోబెట్టి పేరూ ఊరూ అడిగి రాసుకుంటుంది. ఆ రాతను శిక్ష అమలుకు వాడుకుని, పుట్టుక నమోదుకు వాడకపోవడం నాకు న్యాయంగా అనిపించదు.

జైలే స్వయంగా గుర్తింపు కార్డు ఇస్తే సరిపోతుంది కదా అని కొందరు అంటారు. కొద్ది వారాలకు అది మేలే, కానీ కార్డు మీద జైలు పేరు ఉంటే చూపించిన ప్రతిచోటా శిక్షను మళ్లీ చెప్పుకోవలసి వస్తుంది. బ్రిటన్‌లో 1947లో జనన పత్రానికి చిన్న రూపం ఒకటి తెచ్చారు. తల్లిదండ్రుల వివరాలు అందులో ఉండవు కాబట్టి, పెళ్లి కాని తల్లికి పుట్టినవారు ఆ సంగతి బయటపడకుండానే తమ పుట్టుకను చూపుకోగలిగారు. ఒక పని కోసం ఎంత చెప్పాలో అంత మాత్రమే చెప్పే కాగితం తయారు చేయవచ్చని అది రుజువు. విడుదలైనవారికి ఇచ్చే కార్డు అందరికీ ఇచ్చే కార్డే కావాలి, చిరునామా దగ్గర జైలు పేరు కనిపించకూడదు.

ఇంట్లో ఒకరు లోపల ఉన్నవారికి నా అనుభవం నుంచి చెప్పగలిగినవి ఇవి. విడుదలకు ఇంకా ఏళ్లు ఉన్నా సరే, ఈ వారమే జనన పత్రంలోని పేరునూ తీర్పులోని పేరునూ అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే ప్రమాణపత్రం ఇప్పుడే సిద్ధం చేయించండి. సామాన్ల జాబితా నకలు అడిగి తీసుకోండి, జైలు మారినప్పుడల్లా మళ్లీ అడగండి. పాత కార్డు ఫోటో గానీ, సంఖ్య గానీ ఇంట్లో ఎక్కడైనా ఉంటే లోపలి విభాగానికి పంపండి. దరఖాస్తులో చిరునామా రాసే చోట జైలు చిరునామా రాయనివ్వకుండా, నమ్మకమైన బంధువు చిరునామా రాయించండి. వారు ఒప్పుకోకపోతే, వచ్చిన కార్డును ఎవరు, ఎక్కడికి పంపుతారో రాతపూర్వకంగా తీసుకోండి. విడుదలకు ముందే ఒక అధికార పత్రం మీ పేరు మీద రాయించుకోండి. నేను ఆ పత్రం లేక రెండుసార్లు వెనక్కి వచ్చాను. జైలు అధికారి ధ్రువీకరణ లేఖ ఒకటికి రెండు అసలు ప్రతులు అడగండి. నకళ్లను చాలా కార్యాలయాలు తీసుకోవు.

ఈ సేవకు ఐదింటికి ఎన్ని ఇస్తావని అడిగితే, లోపల జరిగిన పనికి నాలుగు ఇస్తాను, విడుదల తరువాతి భాగానికి ఒకటి ఇస్తాను. ఆ ఉద్యోగినికి ఉత్తరం రాసి, కార్డు చివరికి ఎలా దొరికిందో వివరంగా చెప్పాను. ఆమె జవాబు రాశారు. ఉత్తరాల గదిలో వెతికితే ఇంకా పదకొండు కార్డులు కనిపించాయనీ, ఒక్కొక్కరి ఇంటి చిరునామా కనుక్కుని పంపుతున్నాననీ అందులో ఉంది.